అగస్త్యులవారి హాజరు

ఆ ఏడాది ప్రభుత్వానికి ఋషుల మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టింది. ప్రేమ పుడితే పుట్టింది, దాన్ని సర్క్యులరుగా మార్చి, నంబరు వేసి, జిల్లాలకు పంపడంతో చిక్కొచ్చిపడింది.

గుమ్మళ్ళలంక గోదావరి పాయల మధ్య ఉన్న లంక. నాలుగు వేల జనం, వాళ్ళకు సరిపడా గేదెలు, ఒక ప్రభుత్వ ఆయుర్వేద వైద్యశాల. వేరే వైద్యం కావాలంటే పంటెక్కి అవతలి ఒడ్డుకు పోవాలి. పంటు గంటకొకసారి కదులుతుంది, అదీ డ్రైవరు భోజనం ముగించాక. అందుకని దగ్గొచ్చినా, కడుపుబ్బినా, మోకాలు పట్టేసినా లంకవాళ్ళు డాక్టర్ గుబ్బల త్రిమూర్తులుగారి దగ్గరికే వచ్చేవారు. ఆయనా, అటెండరు నూకరత్నమూ, ఇద్దరే సిబ్బంది.

పైనుంచి మందులు వచ్చినప్పుడు వచ్చేవి, రానప్పుడు త్రిమూర్తులుగారే పెరట్లో పొయ్యి పెట్టేవారు. ప్రతి గురువారం కరక్కాయలూ యవలూ కషాయంలో ఉడికించి, బెల్లం, నెయ్యి, పిప్పళ్ళ పొడి వేసి, చల్లారాక తేనె కలిపి అగస్త్య లేహ్యం చేసేవారు. పొయ్యి వెలిగించే ముందు "స్వామీ, నీ మందు, నీ పేరు. అడుగంటకుండా చూసుకో" అని అగస్త్యుడికి దణ్ణం పెట్టుకునేవారు. ఇరవై రెండేళ్ళలో రెండుసార్లే అడుగంటింది. ఆ రెండుసార్లూ తప్పు తనదేనని ఆయన ఒప్పుకునేవారు. పంటు రేవులో టీకొట్టు పెట్టుకున్న సత్తెమ్మ ఉబ్బసానికి ఆ లేహ్యమే ఆధారం. పొద్దునొక చెంచా, రాత్రొక చెంచా పడితేనే ఆమెకు ఊపిరి, లంకకు టీ.

ఇంతలో ప్రాచీన వైద్య వైభవ శాఖ నుంచి ఉత్తర్వు దిగింది.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, మన ఋషిపుంగవులు వైద్యశాస్త్రమునకు చేసిన సేవలకు గుర్తింపుగా, ప్రతి ఆయుర్వేద వైద్యశాలకు ఒక్కొక్క మహర్షిని గౌరవ ప్రధాన వైద్యాధికారిగా నియమించడమైనది. సదరు మహర్షుల హోదా కమిషనరు హోదాకు ఒక మెట్టు పైన ఉండును. ఇప్పటివరకు వైద్యాధికారులుగా ఉన్నవారు ఇకపై ఉప వైద్యాధికారులుగా పరిగణింపబడుదురు."

ఋషుల పంపకంలో సిఫారసులు గట్టిగానే నడిచాయని వినికిడి. ధన్వంతరి కోసం మూడు పెద్ద ఊళ్ళు కొట్టుకుని, చివరికి మంత్రిగారి ఊరికి ఆయన దక్కాడు. చరకుడు ఒక ఎమ్మెల్యేకూ, సుశ్రుతుడు ఆ ఎమ్మెల్యే బావమరిదికీ వెళ్ళారు. గుమ్మళ్ళలంకకు చెప్పేవాడు లేడు గనక "దక్షిణాదికి అలవాటుపడ్డవారు, ఎక్కడైనా సర్దుకుంటారు" అన్న రిమార్కుతో అగస్త్యుణ్ణి వేశారు.

త్రిమూర్తులుగారు నిజంగా మురిసిపోయారు. "చూశావా రత్నం, మనం అడక్కుండానే మనాయన మనకే వచ్చాడు!" అన్నారు. శాఖవారు ఋషికి కుర్చీ వెయ్యమన్నారు గానీ కుర్చీ ఇవ్వలేదు కాబట్టి తన కుర్చీయే వేసి, పట్టుబట్ట కప్పి, తాను రోగుల స్టూలు మీద కూర్చున్నారు. రోగులు కిటికీ గట్టు మీదికి మారారు. సత్తెమ్మ మాత్రం గట్టెక్కలేక నిలబడే నాడి చూపించుకుంది.

"ఆ కుర్చీలో ఎవరండీ?" అంది.

"మన పెద్దాయన."

"కనపడ్డేంటండీ?"

"నీ లేహ్యంలో ఉన్నాడుగా, తినేసెయ్" అన్నారు త్రిమూర్తులుగారు. ఆ రోజుకి అందరూ నవ్వుకున్నారు.

నెల తిరిగేసరికి నవ్వు తగ్గింది. వైద్యశాలలో వేలిముద్ర హాజరు యంత్రం ఉంది. దాని జాబితాలో ఇప్పుడు మూడు పేర్లు. ఒకటో తారీకున శాఖ నుంచి సందేశం వచ్చింది. "మీ కార్యాలయ హాజరు 66 శాతం. 75 శాతమునకు తగ్గిన వైద్యశాలలు అవతలి ఒడ్డు వైద్యశాలలో విలీనము చేయబడును."

త్రిమూర్తులుగారు గుండె చిక్కబట్టుకుని శాఖకు ఫోన్ చేశారు. సూపరింటెండెంటు భుజంగరావు ఎత్తాడు.

"సార్, నేనూ మా అటెండరూ ఒక్కరోజు కూడా మానలేదండి."

"మిమ్మల్నెవరన్నారు? మూడో ఆయన. అగస్త్య, ఇంటిపేరు నిల్. నెల మొత్తం గైరుహాజరు."

"ఆయన ఋషి కదండీ!"

"ఋషి అయితే వేలుండదా?"

దీనికి శాస్త్రంలో సమాధానం ఉందేమోనని త్రిమూర్తులుగారు ఒక్క క్షణం ఆలోచించారు. "అది కాదండీ, ఆయన ఎప్పటివారు! యుగాల కిందటి మాట."

"యుగాలన్న కాలమ్ మా దగ్గర లేదు. రోజుల్లో చెప్పండి. అసలు ఆయన సర్వీసు పుస్తకం ఇంకా తెరవలేదు మీరు. హాజరు సంగతి తరవాత, ముందది తెరవండి."

సర్వీసు పుస్తకం తెరవడానికి నాలుగు రోజులు పట్టింది. పుట్టినచోటు దగ్గర త్రిమూర్తులుగారు పురాణం తెలిసినవారు గనక "కుండ" అని రాశారు. అది ఏ మండలమో రాయలేదని పుస్తకం తిరిగొచ్చింది. తండ్రి పేరు దగ్గర మిత్రుడు, వరుణుడు అని ఇద్దర్ని రాస్తే, రేషన్ కార్డులో ఉన్నవారి పేరు మాత్రమే ఉంచమని మళ్ళీ తిరిగొచ్చింది. మూడోసారి పంపితే, "గతములో చేసిన ముఖ్య కార్యములు" అన్న పేజీ చదివిన శాఖవారికి కళ్ళు తిరిగాయి. వారం తిరక్కుండా ఛార్జి మెమో వచ్చింది.

మెమోలో మూడు అభియోగాలు. ఒకటి, నీటిపారుదల శాఖ అనుమతి లేకుండా సముద్రం మొత్తం తాగేయడం. రెండు, తాను తిరిగి వచ్చేదాకా వంగి ఉండమని వింధ్యపర్వతానికి చెప్పి దక్షిణానికి టూరు వెళ్ళి, నేటివరకు టూరు ముగించకపోవడం. మూడు, అతిథిగా వెళ్ళిన ఇంట్లో భోజనానంతరం ఇంటాయన తమ్ముడు వాతాపి కనిపించకపోవడం. వీటికి పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. మెమోను స్వయంగా అందజేసి అందినట్టు సంతకం తీసుకోవాలి. అందజేయవలసిన మనిషి ఎదురుగా లేనప్పుడు ఆయన ఉండేచోట అంటించవచ్చు గనక నూకరత్నం దాన్ని అన్నం మెతుకులతో కుర్చీకి అంటించింది.

"పెద్దమడిసండీ. ఇలా అంటించొచ్చంటారా?" అంది, చేతులు కొంగుకు తుడుచుకుంటూ.

"రూలు ఉంది రత్నం."

"రూలుకు కళ్ళు పోతాయండి" అని చెంపలేసుకుంది.

అగస్త్యుల వారి హాజరుపై నిఘా కోసం చ్యవన మహర్షిని పై అధికారిగా వేశారు. ఆయనా రాలేదు. నలుగురిలో ఇద్దరు లేకపోయేసరికి హాజరు యాభై శాతానికి దిగింది. త్రిమూర్తులుగారు తల పట్టుకున్నారు. అదృష్టం బాగుండి చ్యవనులవారి వయసు దగ్గర పేచీ వచ్చింది. ఆయన ముసలివారై, మందు తిని మళ్ళీ పడుచువారయ్యారాయె. రిటైర్మెంటుకు మందుకు ముందు వయసు పట్టాలా, తరవాత వయసు పట్టాలా? తరవాత వయసు పడితే ఉద్యోగులందరూ అదే మందు తినడం మొదలెడతారని ఆర్థిక శాఖ హడలిపోయింది. విషయం తేలేదాకా చ్యవనుల్ని కేంద్ర కార్యాలయానికి వెనక్కి పిలిచారు. ఆయన వెళ్ళారో లేదో ఎవరూ చూడలేదు.

అక్కడితో ఆగితే అది శాఖ ఎందుకవుతుంది? మరో ఉత్తర్వు వచ్చింది. కింది స్థాయివారు మందులివ్వడం వల్లనే ప్రధాన వైద్యాధికారులు మనస్తాపం చెంది విధులకు రావడం లేదని ఒక కమిటీ కనిపెట్టిందట. కనుక ఇకమీదట మందుల బీరువా తాళంచెవి ప్రధాన వైద్యాధికారివారి ఆసనముపైనే ఉండవలెను. ఆసనమును గానీ, దానిపైనున్న వస్తువులను గానీ వారి అనుమతి లేకుండా ఎవరూ తాకరాదు. ఆసనము ఎదుట కెమెరా అమర్చబడును.

కెమెరా మర్నాటికే వచ్చింది. అడిగిన మందులు రావడానికి ఏడాది పడుతుంది గానీ కెమెరాకు పంటు కూడా ఆలస్యం కాలేదు.

అద్దాల తలుపుల బీరువాలో లేహ్యం సీసాలున్నాయి. కొత్తది వండుదామంటే పిప్పళ్ళూ కరక్కాయలూ కూడా అందులోనే ఉన్నాయి. తాళంచెవి మూరెడు దూరంలో పట్టుబట్ట మీద ధగధగా మెరుస్తోంది. త్రిమూర్తులుగారు పొద్దున్నించి సాయంత్రందాకా దాన్ని చూస్తూ స్టూలు మీద కూర్చునేవారు. రోగులొస్తే "శొంఠి నూరుకోండి, వాము నమలండి, వేడినీళ్ళు తాగండి" అని వంటింటి వైద్యం చెప్పి పంపేవారు. సత్తెమ్మకు శొంఠి చాల్లేదు. నాలుగోరోజుకు ఆమె ఊపిరి పిల్లిపిల్లలా కూయసాగింది. టీకొట్టు మూతపడింది.

"ఆ సీసా అక్కడే ఉందిగదండి డాక్టరుగారూ" అంది గుమ్మం పట్టుకుని. "నా కళ్ళకి కనపడతంది."

"కనపడుతోందే సత్తెమ్మా. తీస్తే ఆసుపత్రి మూసేస్తామంటున్నారు. అప్పుడు నువ్వు ప్రతి వారం పంటెక్కాలి."

"పంటు దాకా నడవలేకే గదండీ మీకాడికొచ్చింది!"

ఆ మాటకు త్రిమూర్తులుగారికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. మందిచ్చిన ఋషికి లేని పట్టింపు, ఆయన కుర్చీకి కాపలా కాసేవాళ్ళకొచ్చింది. ఆ మహానుభావుడు మనిషి ఊపిరిని గమనించి మందు కట్టాడు. వీళ్ళేమో కుర్చీని గమనించడానికి కెమెరా కట్టారు. త్రిమూర్తులుగారికి ఒళ్ళు మండిపోయింది. కానీ గురువారం తనిఖీ ఉంది. హాజరు డెబ్బై ఐదుకు చేరకపోతే అదే రోజు తాళం.

గురువారం ప్రాంతీయ వైభవాధికారి శ్రీ కొమరగిరి అనంతశయనంగారు పంటు మీద వేంచేశారు. మెడలో రుద్రాక్షలు, చేతిలో ట్యాబు. ముందుగా పంచాయతీ ప్రెసిడెంటుగారింట్లో భోజనం ఏర్పాటైంది. పనసపొట్టు కూర, గుత్తివంకాయ, పులిహోర, ఆవడలు, బొబ్బట్లు. "ప్రాచీన ఆహారం పట్ల మా శాఖకు ప్రత్యేక బాధ్యత ఉంది" అంటూ అనంతశయనంగారు ఆవడలు పదకొండు, బొబ్బట్లు తొమ్మిది స్వీకరించారు. నెయ్యి ఎన్నిసార్లు స్వీకరించారో ప్రెసిడెంటుగారి భార్యకే తెలుసు.

మూడు గంటలకు వైద్యశాల గుమ్మంలో నిలబడి ఉపన్యసించారు. "మన వైభవం అనిర్వచనీయం. దాన్ని నిర్వచించడానికే మా శాఖ ఏర్పడింది. మహర్షులు మనకు వైద్యమిచ్చారు. ప్రతిగా మనం వారికేమిచ్చాం? హోదా ఇచ్చాం. స్కేలు ఇచ్చాం. వారు మాత్రం హాజరు ఇవ్వడం లేదు. ఇది ఏకపక్షం!"

లంకలో సగంమంది గుమ్మం బయట నిలబడి వింటున్నారు. సత్తెమ్మ అరుగు మీద కూర్చుని ఎగఊపిరి పీలుస్తోంది.

ఉపన్యాసం అయ్యాక అధికారి లోపలికొచ్చారు. ప్రధాన వైద్యాధికారి ఆసనానికి నడుము పూర్తిగా వంచి మూడుసార్లు నమస్కరించాలని ఆయన రాసిన నిబంధనే ఉంది. ఒకసారి వంగి లేచారు. రెండోసారి వంగి, కాస్త ఆగి, లేచారు. మూడోసారి వంగారు. లేవలేదు.

భక్తి ముదిరిందనుకుని అందరూ చేతులు జోడించారు. కాసేపటికి వంగినచోటి నుంచే సన్నగా మాట వినిపించింది.

"డాక్టరుగారూ... కడుపు."

త్రిమూర్తులుగారు గబగబా దగ్గరికెళ్ళి పొట్ట తట్టి చూశారు. పంబజోడులా మోగింది. "అజీర్ణం సార్. వాయువు పట్టేసింది. లేవకండి, లేస్తే ఇంకా పొడుస్తుంది."

"మందు!"

"బీరువాలో ఉంది సార్."

"తియ్యండి!"

"తాళంచెవి కుర్చీ మీద ఉంది సార్. ప్రధాన వైద్యాధికారివారి అనుమతి లేకుండా తాకరాదని తమరి ఉత్తర్వు." త్రిమూర్తులుగారు ఆ మాట వినయంగానే అన్నారు. ఆ వినయం చూసి నూకరత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నేనే అనుమతిస్తున్నాను!"

"ఆయన హోదా కమిషనరు కంటే ఒక మెట్టు పైన కదండీ. తమరు కమిషనరు కంటే రెండు మెట్లు కింద."

అనంతశయనంగారు వంగినట్టే ఫోన్ తీసి భుజంగరావుకు చేశారు. ఉత్తర్వును తక్షణం సవరించమన్నారు. అవతలి నుంచి నింపాదిగా జవాబొచ్చింది. "నోట్ ఫైలు పెట్టాలి సార్. న్యాయశాఖ అభిప్రాయం రావాలి. సుమారు ఆరు వారాలు. తమరు అప్పటిదాకా..."

"అప్పటిదాకా ఏంటయ్యా?"

"అలాగే ఉండండి సార్."

గుమ్మంలోంచి ఎవరో "వింధ్యపర్వతం కూడా అలాగే ఉందంటండి!" అన్నారు. పిల్లాజెల్లా గొల్లున నవ్వారు.

నూకరత్నానికి నవ్వాగింది. ఎంత అధికారైనా కడుపునొప్పి కడుపునొప్పే. మనవల్ని ముగ్గుర్ని సాకిన చెయ్యి ఊరుకోలేదు. గభాల్న వచ్చి, అధికారిని పక్కకు తిప్పి బల్ల మీద పడుకోబెట్టింది. కొంగుముడి విప్పి, తన పంటినొప్పి కోసం దాచుకున్న వాము, ఉప్పు ఆయన నోట్లో కుక్కింది. అరచేత్తో పొట్ట చుట్టూ రాస్తూ, బొడ్డూడని పాపాయికి చెప్పినట్టు చెప్పింది.

"జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం... జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం... ఆవడలు జీర్ణం, బొబ్బట్లు జీర్ణం..."

ఏడోసారికి అనంతశయనంగారికి ఒక త్రేనుపు వచ్చింది. అదేమీ మామూలు త్రేనుపు కాదు. రేవులో కట్టేసిన గేదె ఒకటి తలెత్తి చూసింది. రుద్రాక్షలు గలగలమన్నాయి. అధికారి లేచి కూర్చుని, చెమట తుడుచుకుని, తెరిపిన పడ్డ ముఖంతో అడిగారు.

"ఏం మందమ్మా ఇది? ఎవరిచ్చారు అనుమతి?"

"మందేంటండీ, కాత్త వాము. మిగతాదంతా ఆయనే" అని కుర్చీవైపు చూపించింది. "ఆ వాతాపిగాణ్ణి అరాయించుకున్నది అగత్తులవారే గదండీ. ఆయన పేరు మీదే రాత్తాం. మా అమ్మమ్మ కూడా అంతే."

అధికారి ముఖం వెలిగిపోయింది. ట్యాబు తీసి గబగబా రాసేశారు. ప్రధాన వైద్యాధికారివారి పేరుతో, వారి సమక్షంలో, వారి పద్ధతిలో చికిత్స జరిగినందున, వారు నియామకపు నాటినుండి నిరంతరాయంగా విధుల్లో ఉన్నట్టే పరిగణించవలెను. హాజరు నూటికి నూరు శాతం. విలీనం ప్రతిపాదన రద్దు.

లంక జనం ఈలలు వేశారు. ప్రెసిడెంటుగారు దండ వేయబోతే అది ఎవరి మెడలో వెయ్యాలో తెలియక కుర్చీకి వేశారు. ఆ సందడిలో నూకరత్నం కుర్చీ ముందు చేతులు కట్టుకుని నిలబడి, కెమెరా వినేలా గట్టిగా "అయ్యా, తాళంచెవి తీసుకోమంటారా?" అని అడిగింది. కాసేపు చూసింది. చెవి తీసుకుని బీరువా తెరిచేసింది.

"ఏయ్, ఏయ్!" అన్నారు అధికారి.

"ఆయన ఇక్కడే ఉన్నారని తవరే రాశారు గదండీ. అడిగాను. వద్దన్లేదు."

అధికారి ట్యాబు మూసుకుని పంటు వైపు నడిచారు. సత్తెమ్మకు ఆ సాయంత్రం రెండు చెంచాలు పడ్డాయి. మర్నాడు టీకొట్టు తెరుచుకుంది.

కథ ఇక్కడ కంచికి వెళ్ళవలసింది గానీ, దారిలో శాఖవారు ఆపారు. రెండు వారాలకు త్రిమూర్తులుగారి పేర ఉత్తర్వు వచ్చింది. "గుమ్మళ్ళలంకలో గౌరవ ప్రధాన వైద్యాధికారివారు నామమాత్రముచేతనే వ్యాధులు నయము చేయుచున్నట్టు తనిఖీలో రుజువైనందున, అచట ఉప వైద్యాధికారి అవసరము లేదని నిర్ణయించడమైనది. డాక్టర్ త్రిమూర్తులు కేంద్ర కార్యాలయమునందలి ఋషుల సర్వీసు పుస్తకముల విభాగమునకు బదిలీ చేయబడినారు. ప్రధాన వైద్యాధికారివారి సంతకముతో రిలీవు అయి వెంటనే చేరవలెను."

త్రిమూర్తులుగారు కాగితం చేత్తో పట్టుకుని కూలబడిపోయారు. ఇరవై రెండేళ్ళు. ఏ ఇంటి దగ్గు ఎలా ఉంటుందో చీకట్లో విన్నా గుర్తుపట్టగల మనిషి. ఇప్పుడు ఊళ్ళో కుర్చీ ఉంటుంది, డాక్టరు ఉండడు. సత్తెమ్మ టీ గ్లాసుతో వచ్చి, సంగతి విని, గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి బావురుమంది.

"ఏడవకే. మళ్ళీ ఎగఊపిరి వస్తుంది" అన్నారాయన.

నూకరత్నం ముక్కు చీదుకుని, "ఆ ఆకరి ముక్క మళ్ళీ సదవండి డాక్టరుగారూ. ఎవరు సంతకం పెట్టాలంటండీ?" అంది.

త్రిమూర్తులుగారు చదివారు. మళ్ళీ చదివారు. మెల్లగా లేచి, ఉత్తర్వునూ ఒక పెన్నునూ పట్టుబట్ట మీద కుర్చీలో ఉంచి, "అయ్యా, సంతకం" అన్నారు. పెరట్లోకెళ్ళి, దణ్ణం పెట్టుకుని పొయ్యి ముట్టించారు. గురువారం కదా.

నెలాఖరుకు భుజంగరావు ఫోన్ చేశాడు. "ఇంకా రిలీవు కాలేదేం?"

"ఉత్తర్వు ప్రధాన వైద్యాధికారివారి ఎదుటే ఉంది సార్."

"ఆయన హాజరు నూరు శాతం అని రికార్డు! ఎదురుగా మనిషి ఉంటే సంతకం పెట్టించడానికేం?"

"రోజూ అడుగుతున్నామండి" అన్నారు త్రిమూర్తులుగారు, గరిటె తిప్పుతూ. "ఆయన వద్దనలేదు. పెట్టనూ లేదు."